పచ్చవాతం – పేదరికం – మన ప్రాంతం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇట్లాంటి సభలో జ్ఞాపకాలు చెప్పుకోవడం ఆనవాయితీ. నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు ఆ పని కడుపు నిండా చేశారు. నేను వైద్యరంగంలో ఉన్నవాణ్ని కాబట్టి ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు అడిగారు. అన్ని జబ్బుల గురించి తలా ఒక ముక్క చెప్తే ఏదీ గుర్తుండదు. అందుకే ఒక్క జబ్బు గురించే మాట్లాడతాను. పుస్తకాల్లో దాన్ని పక్షవాతం అని రాస్తారు. మన ఇళ్లల్లో పచ్చవాతం అంటాం. 'కాలు, చెయ్యి పడిపోయింది' అంటాం.

ఈ జబ్బునే ఎంచుకోవడానికి కారణం ఉంది. యాభై ఏళ్ల కింద ఇక్కడ పదో తరగతి పాసైన తొలి బ్యాచ్ వాళ్లకు ఇప్పుడు అరవై ఐదు, అరవై ఆరు ఏళ్లుంటాయి. గోదావరి అవతల మన భూపాలపల్లి జిల్లాను ఆనుకొని ఉన్న గడ్చిరోలిలో ఒక అధ్యయనం చేశారు. అక్కడి పల్లెల్లో పచ్చవాతంతో చనిపోయినవారి సగటు వయసు 67. అంటే ఈ విషయం మన ముందు వరుసలో కూర్చున్న అన్నలకు, అక్కలకు చాలా దగ్గరిది. భయపెట్టడానికి చెప్పడం లేదు. చేతిలో ఇంకా సమయం ఉందని చెప్తున్నాను.

ముందు జబ్బు సంగతి. మెదడుకు రక్తం తీసుకుపోయే నాళంలో గడ్డ అడ్డం పడితే, లేదా ఆ నాళం చిట్లితే, అవతలి భాగానికి రక్తం అందదు. ఆ భాగం చేసే పని ఆగిపోతుంది. మూతి వంకర పోవడం, చెయ్యి లేవకపోవడం, మాట తడబడటం అందుకే. అంటే ఇది చేతికో కాలికో వచ్చిన జబ్బు కాదు, మెదడుకు వచ్చిన జబ్బు. పడిపోయిన చేతికి పసరు కట్టినా, పావురం రక్తం రాసినా గుణం కనిపించకపోవడానికి కారణం ఇదే. మందు రాసేది చేతికి, దెబ్బ తగిలింది తలలోపల.

ఇక అసలు ప్రశ్న. ఈ జబ్బు అందరికీ వస్తుంది. కానీ దీనితో చనిపోవడం అన్ని చోట్లా ఒక్క తీరుగా లేదు. ఒక ప్రాంతంలో ఎక్కువ, ఇంకో ప్రాంతంలో తక్కువ ఎందుకు? పేదరికం వల్లనా? కులం, తెగ వల్లనా? నీళ్లు, గాలి వల్లనా?

దీనికి జవాబు వెతకాలంటే ముందు లెక్కలు కావాలి. మన దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసి ధ్రువీకరించేవి దాదాపు ఐదో వంతే. ఊళ్లో ఇంటి మంచం మీద పోయిన మనిషికి పంచాయతీ కాగితం దొరుకుతుంది గానీ ఆ కాగితం మీద జబ్బు పేరు ఉండదు. అందుకని పరిశోధకులు ఒక పద్ధతి పెట్టుకున్నారు. శిక్షణ పొందిన మనిషి చావు జరిగిన ఇంటికి వెళ్లి, చివరి రోజుల్లో ఏం జరిగిందో కుటుంబాన్ని ఓపికగా అడిగి రాసుకుంటాడు. ఆ రాతను డాక్టర్లు చదివి కారణం తేలుస్తారు.

మన తెలుగు నేల మీద ఈ పద్ధతిలో జరిగిన ముఖ్యమైన పని ఉభయ గోదావరి జిల్లాల్లోనిది. 2003–04లో 45 గ్రామాల్లో, దాదాపు 1,80,000 జనాభాలో, ఏడాది పొడుగునా జరిగిన 1,354 మరణాలను లెక్కకు తీసుకున్నారు. అప్పటిదాకా పల్లెల్లో జనం ఎక్కువగా అంటురోగాలతోనే పోతారని అందరి నమ్మకం. తేలింది వేరు. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల. అందులో గుండెపోటు, పచ్చవాతం దాదాపు సమానం. అంటురోగాలది నూటికి 12 మాత్రమే.

అది డెల్టా, కాలువ కింద పొలాలున్న ప్రాంతం. మరి మన అడవి అంచు సంగతేమిటి? దానికి దగ్గరి జవాబు గడ్చిరోలి. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ స్థాపించిన 'సర్చ్' సంస్థ 2011 నుంచి 2013 వరకు 86 గ్రామాల్లో 1,599 మరణాలను పరిశీలించింది. అక్కడ మరణాలకు మొదటి కారణం పచ్చవాతమే. నూటికి 14 మరణాలు దానివల్లే. చనిపోయినవాళ్లలో నూటికి 87 మంది ఇంట్లోనే పోయారు. దాదాపు సగం మంది జబ్బు పడ్డ నెలలోపే పోయారు. ఇంకో మాట కూడా గమనించాలి. పచ్చవాతం అంటే తాగుడు అలవాటున్న మగవాళ్ల జబ్బు అని మనవాళ్లు తేలిగ్గా అనేస్తారు. గడ్చిరోలిలో ఈ జబ్బుతో పోయినవాళ్లలో దాదాపు సగం మంది ఆడవాళ్లు.

దేశం మొత్తం మీద చూస్తే తేడాలు ఇంకా స్పష్టం. 2000 నుంచి 2015 వరకు లక్షల ఇళ్లలో సేకరించిన వివరాలతో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. పచ్చవాతంతో వయసు మీరకుండానే పోయిన వారిలో మూడో వంతు మంది తూర్పు, ఈశాన్య రాష్ట్రాల వాళ్లు. ఆ రాష్ట్రాల జనాభా దేశంలో ఆరో వంతే. అదే అధ్యయనం ఇంకో సంగతి చెప్పింది. తమకు గుండె, రక్తనాళాల జబ్బు ఉందని ముందే తెలిసి చనిపోయినవాళ్లలో కనీసం సగం మంది క్రమంగా మందులు వాడటం లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇది మన దేశపు తలరాత అనుకోవద్దు. అమెరికాలో ఆగ్నేయ రాష్ట్రాలను 'స్ట్రోక్ బెల్ట్' అంటారు, అంటే పచ్చవాతం పట్టీ. అక్కడ మరణాలు ఎక్కువని 1960ల నుంచే తెలుసు. నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉన్న ప్రాంతం, పేదరికం ఎక్కువ ఉన్న ప్రాంతం కూడా అదే. కాబట్టి కారణం జాతి అని కొందరు, పేదరికం అని కొందరు వాదించుకున్నారు. తేల్చడానికి 2003లో మొదలుపెట్టి 30,000 మందికి పైగా నల్లవాళ్లను, తెల్లవాళ్లను ఏళ్ల తరబడి వెంబడించారు. రెండు సంగతులు తేలాయి. నల్లవాళ్లకు ఎక్కువగా ఉన్న ముప్పులో సుమారు సగానికి బీపీ, షుగర్, పొగతాగడం లాంటి తెలిసిన కారణాలు, చదువు, ఆదాయం సమాధానం చెప్తాయి. రెండోది, మరణాల్లో తేడా ప్రధానంగా జబ్బు రావడంలోని తేడా. అంటే ఆస్పత్రిలో ఎంత బాగా చూసినా ఆ తేడా పూర్తిగా పోదు. జబ్బు రాకుండా ముందే ఆపాలి.

ఆ మిగతా సగం ఎక్కడిది? అందులో కొంత బాల్యంలో ఉంది. ఆ పట్టీలో పుట్టి పెరిగి, పెద్దయ్యాక వేరే రాష్ట్రానికి వలసపోయినవాళ్లకు కూడా ముప్పు ఎక్కువే ఉందని చూశారు. ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ అనే వైద్యుడు 1987లో ఇంకా ఆశ్చర్యమైన సంగతి చూపించాడు. పూర్వం ఏ ప్రాంతాల్లో బాలింత మరణాలు ఎక్కువగా ఉండేవో, దశాబ్దాల తర్వాత అవే ప్రాంతాల్లో పచ్చవాతం మరణాలు ఎక్కువగా ఉన్నాయి. తల్లి కడుపుతో ఉన్నప్పుడు తిండి సరిగ్గా లేకపోతే, బిడ్డ తక్కువ బరువుతో పుడితే, ఆ బిడ్డకు పెద్దయ్యాక బీపీ వచ్చే అవకాశం పెరుగుతుందన్నది ఆయన వాదన. ఈ హాల్లో ఉన్న మనలో చాలామంది తల్లులు వరినాట్లు వేస్తూనే నెలలు నింపుకున్నారు. హైదరాబాదుకు పోయినా, అమెరికాకు పోయినా ఆ బాల్యం మన వెంటే వస్తుంది. ఇక్కడే ఉన్నవాళ్ల జబ్బు కదా అని దూరం పోయిన మిత్రులు అనుకోవద్దు.

ఇప్పుడు కులం, తెగ సంగతికి వద్దాం. మన పాత వరంగల్ జిల్లా 2016 అక్టోబరు 11న ముక్కలైంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేర్వేరు జిల్లాలయ్యాయి. మహబూబాబాద్ జనాభాలో మూడో వంతుకు మించి గిరిజనులు. తండాల్లో లంబాడీలు, గంగారం, కొత్తగూడ వైపు కోయలు. 'గిరిజనుల రక్తంలోనే ఏదో ఉంది' అనే మాట చదువుకున్నవాళ్ల నోట కూడా విన్నాను. ఆ మాట నిలబడదు. ఎందుకో చెప్తాను.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో తొమ్మిది రాష్ట్రాల గిరిజనుల్లో బీపీ చూశారు. మొత్తం మీద పెద్దవాళ్లలో పావు వంతుకు పైగా మందికి బీపీ ఉంది. కానీ ఒడిశా గిరిజనుల్లో సగానికి పైగా మందికి ఉంటే, గుజరాత్ గిరిజనుల్లో పదిమందిలో ఒకరికి అటూ ఇటుగా ఉంది. రక్తమే కారణమైతే ఇంత తేడా రాకూడదు కదా. పైగా గిరిజనులనేది ప్రభుత్వం గీసిన గీత. లంబాడీలు 1976 నుంచి మన దగ్గర షెడ్యూల్డ్ తెగ. అదే బంజారాలు గోదావరి దాటి మహారాష్ట్రలోకి పోతే ఆ జాబితాలో ఉండరు. నది దాటితే మనిషి రక్తం మారదు, సర్టిఫికెట్ మారుతుంది. కోయలకూ లంబాడీలకూ భాష వేరు, తిండి వేరు, బతుకు వేరు. ఇద్దరినీ ఒకే గడిలో రాసి జాతి కారణమని తేల్చడం లెక్క కాదు.

అట్లని కులం, తెగ లెక్కలోకి రావని కాదు. వస్తాయి, వేరే దారిలో. ఆ సర్వేలోనే బీపీ ఉన్న గిరిజనుల్లో తమకు ఆ సంగతి ముందే తెలిసినవాళ్లు పదిమందిలో ఒకరు కూడా లేరు. బడి ఎవరికి ఆలస్యంగా అందింది, రోడ్డు ఏ వాడకు చివరన పడింది, ఏ గూడేనికి నర్సమ్మ నెలకొకసారి వస్తుంది, దవాఖానలో ఎవరిని 'కూసో' అంటారు, ఎవరిని 'కూర్చోండి' అంటారు, ఇవన్నీ కులం చుట్టూ, తెగ చుట్టూ అల్లుకొని ఉన్నాయి. దళితవాడకైనా ఇదే వర్తిస్తుంది. జబ్బు రక్తంలో నుంచి రావడం కంటే ఈ దూరాల్లో నుంచి ఎక్కువగా వస్తుంది.

దూరం అన్నాను కాబట్టి మన ఊరి పేరు మీదే ఒక లెక్క చెప్తాను. ఘనపూర్ అనగానే బయటివాళ్లు 'ఏ ఘనపూర్?' అని అడుగుతారు. రైలు ఆగే మన స్టేషన్ ఘనపూర్ ఒకటి. కోటగుళ్లు, చెరువు ఉన్న ములుగు ఘనపూర్, అదే గణపురం, ఇంకొకటి. పేరు ఒక్కటే. మన దగ్గర ఒక మనిషి పొద్దున ఏడింటికి పడిపోతే, ఇంట్లోవాళ్లు వెంటనే గుర్తుపట్టి 108కు ఫోన్ చేస్తే, రైల్వే లైను, జాతీయ రహదారి పక్కన ఉన్నాం కాబట్టి గంట, గంటన్నరలో వరంగల్‌లో ఉండొచ్చు. ఆ ఘనపూర్ నుంచి దూరం దాదాపు రెట్టింపు. ఇంకా లోపలికి, గోదావరి ఒడ్డున పలిమెల వైపు పోతే వంద కిలోమీటర్లు దాటుతుంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. అంతకంటే ముందు సీటీ స్కాన్ తీయాలి, ఎందుకంటే నాళం చిట్లిన మనిషికి అదే ఇంజెక్షన్ ప్రాణం తీస్తుంది. రక్తం అందని ప్రతి నిమిషం సుమారు 19 లక్షల మెదడు కణాలు చనిపోతాయని లెక్క కట్టారు. ఇద్దరిదీ ఒకే జబ్బు. ఒకరు కర్ర పట్టుకొని నడుస్తూ ఇంటికి వస్తారు, ఇంకొకరు రారు.

ఇందులో పేదరికం పాత్ర ఇంకో తీరుగా కూడా ఉంటుంది. రోజు కూలి పోతుందని బీపీ చూపించుకోవడానికి పోరు. చూపించుకున్నా, నెల గోలీలు అయిపోయాక రెండో నెలకు పోరు. నొప్పి లేని జబ్బుకు గోలీ ఎందుకని ఆపేస్తారు. కూర చాలని ఇంట్లో పచ్చడి, ఉప్పు కలిసి అన్నం లోపలికి పంపుతాయి. అలసటకు బీడీ, కల్లు, సారా తోడు. చివరికి మనిషి పడిపోతే ఆ ఇంటికి రెండు కూలీలు పోతాయి, పడ్డవాళ్లది, వాళ్లను చూసుకునేవాళ్లది. చూసుకునే ఆ మనిషి చాలా ఇళ్లల్లో బడి మానేసిన ఆడపిల్ల. కాబట్టి పేదరికం పచ్చవాతాన్ని తెస్తుంది, పచ్చవాతం పేదరికాన్ని ఇంకో తరానికి అందిస్తుంది. ఇది మన బడికి సంబంధించిన విషయం కూడా అని నేను అనడానికి ఇదే కారణం.

అయితే పేదరికం పోయేదాకా ఆగాల్సిందేనా? అక్కర్లేదు. ఇందులోనే ఆశ ఉంది. 32 దేశాల్లో చేసిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. పచ్చవాతం ముప్పులో పదింట తొమ్మిది వంతులకు మనం మార్చుకోగలిగిన పది కారణాలే మూలమని చెప్పింది. వాటిలో అన్నిటికంటే పెద్దది బీపీ. తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో దాదాపు నాలుగో వంతు ఆడవాళ్లకు, మూడో వంతుకు దగ్గరగా మగవాళ్లకు బీపీ ఎక్కువ ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. బీపీ గోలీ చవక, సర్కారు దవాఖానలో ఉచితం. దేశంలో బీపీ అదుపు కార్యక్రమాన్ని మొదట చేపట్టిన ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. కాబట్టి ఏమీ లేదని అనలేం. ఉన్నదానికీ, గుడిసెలోని మనిషికీ మధ్య ఇంకా కొంత దూరం మిగిలింది. ఆ దూరం మనం నడవగలిగినంతే.

ఉప్పు సంగతి కూడా చెప్పాలి. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21,000 మంది మీద ఒక ప్రయోగం చేశారు. సగం పల్లెలకు మామూలు ఉప్పు బదులు సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు ఇచ్చారు. 2021లో ఫలితం వచ్చింది. ఆ పల్లెల్లో పచ్చవాతం నూటికి 14 వంతులు తగ్గింది. ఖరీదైన ఆస్పత్రి కాదు, యంత్రం కాదు, వంటింట్లో ఉప్పు డబ్బా. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ఆ ఉప్పు వాడకూడదు. మనకైతే మొదటి మెట్టు ఇంకా తేలిక. మజ్జిగలో, పెరుగన్నంలో పైనుంచి ఉప్పు వేసుకోకపోవడం, ఆవకాయను కూర తిన్నట్టు కాకుండా ఆవకాయ తిన్నట్టే తినడం.

ఇక మన సంఘం ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. చందాల జాబితాలో భవనాలు, గేట్లు, విగ్రహాలు ఎట్లాగూ ఉంటాయి. వాటితో పాటు ఇవి కూడా చూడండి.

మొదటిది, ఒక పుస్తకం. ఖాతా పుస్తకం లాంటిదే. మన బడికి పిల్లలు వచ్చే ప్రతి ఊరికి, తండాకు ఒక బీపీ మిషన్, ఒక రిజిస్టరు. నెలకు ఒక ఆదివారం ఆ ఊరి పూర్వ విద్యార్థి ఒకరు ఆశా కార్యకర్తతో కలిసి కూర్చుంటారు. ముప్పై దాటిన ప్రతి మనిషి బీపీ రాస్తారు. ఎక్కువ ఉన్నవాళ్లను పల్లె దవాఖానకు పంపుతారు. అంతకంటే ముఖ్యం, పోయిన నెల గోలీలు తీసుకున్న మనిషి ఈ నెల తీసుకున్నాడా లేదా అని చూస్తారు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇదే. జబ్బు ఉందని ముందే తెలిసి పోయినవాళ్లలో కనీసం సగం మంది క్రమంగా మందు వాడనివాళ్లే. ఆ సగానికి కొత్త మందు అక్కర్లేదు, నెలనెలా అడిగే మనిషి కావాలి.

రెండోది, పిల్లలకు ఒక పాఠం. 'మూతి, చెయ్యి, మాట'. నవ్వమంటే మూతి ఒక పక్కకు పోతోందా? రెండు చేతులు లేపమంటే ఒకటి కిందికి జారుతోందా? పేరు చెప్పమంటే మాట ముద్దగా వస్తోందా? మూడింట్లో ఒక్కటి కనబడ్డా 108. ఎన్ని గంటలకు మొదలైందో గడియారం చూసి గుర్తుపెట్టుకోవాలి, డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే. నోట్లో నీళ్లు పొయ్యొద్దు, గోలీ వెయ్యొద్దు, పసరు కోసం ఇంకో ఊరికి తీసుకుపోవద్దు. తాత పడిపోయినప్పుడు ఇంట్లో ఉండేది చాలాసార్లు మనవడు, మనవరాలే. ఎనిమిదో తరగతి పిల్ల ఈ పాఠం నేర్చుకుంటే ఒక ఇల్లు నిలబడుతుంది.

మూడోది, దూరపు తండాలకు, గూడేలకు బండి. 108 రావడానికి ఆలస్యమయ్యే చోట, ఎవరి ఆటో, ఎవరి జీపు రాత్రిపూట కూడా బయలుదేరుతుందో ముందే మాట్లాడుకొని, ఆ నంబర్లు బడి గోడ మీద, పంచాయతీ గోడ మీద రాయించాలి. కిరాయి సంఘం నిధి నుంచి ఇవ్వాలి. డబ్బు ఎవరిస్తారని ఆలోచిస్తూ గడిచే అరగంటే చాలామందిని మంచాన పడేస్తోంది.

పేదరికం, కులం, తెగ పచ్చవాతం మరణాల్లో తేడాలను ఎంతవరకు వివరిస్తాయని శాస్త్రజ్ఞులు ఇంకా లెక్కలు వేస్తూనే ఉంటారు. వేయాలి కూడా. కానీ ఆ లెక్క పూర్తయ్యేదాకా ఆగాల్సిన పని మనకు లేదు. కొలవని బీపీ, ఆగిపోయిన గోలీ, ఆలస్యమైన బండి, ఈ మూడూ ఎక్కువగా ఏ వాడలో ఉన్నాయో మన ఊళ్లల్లో మనకు తెలుసు. ఈ బడిలో ఒకే బెంచీ మీద తండా పిల్లవాడు, వాడ పిల్లవాడు, ఊరి పిల్లవాడు కూర్చున్నారు. పదో తరగతి దాకా మనకు ఒకటే హాజరు పట్టిక. ఆ తర్వాత ఎవరు ఎన్నేళ్లు బతకాలన్నది పుట్టిన వాడను బట్టి తేలకూడదని నా కోరిక.

సభ అయ్యాక బయట వరండాలో ఒక బల్ల వేసి రెండు బీపీ మిషన్లు పెట్టించాను. భోజనానికి పోయే ముందు అందరూ చెయ్యి చాపండి. తొలి బ్యాచ్ అన్నలు, అక్కలు ముందు రండి.